‘అక్కడ తీసుకోండి’ అంటే ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారాలు.

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం గురించి మీ పేపర్లో వార్త వచ్చిన రోజు మా వీధి చివర టీ కొట్టు దగ్గర అందరిదీ అదే ముచ్చట. నిజాం కాలంలో వేసిన రన్‌వే మీద మళ్లీ విమానం దిగుతుందంటే నాకూ సంతోషమే. అయితే విమానం రావడానికి ఇంకా టైం పడుతుంది. విమానం టికెట్లు అమ్మే దుకాణాలు మాత్రం హనుమకొండలో, కరీంనగర్‌లో, జగిత్యాలలో ఎప్పుడో వచ్చాయి. ఆ దుకాణాల్లో టికెట్ కొనే మనిషికి తప్పకుండా చెప్పాల్సిన ఒక మాట చెప్పడం లేదు: మధ్యలో విమానం మారే దేశంలో ఇమిగ్రేషన్, అంటే పాస్‌పోర్టు, వీసా చూసే చోటు, దాటాల్సి వస్తుందా, దానికి వీసా కావాలా అని. ఆ మాట చెప్పకపోవడం వల్ల కిందటి నవంబర్‌లో నేనూ మా ఇంటామె యూరప్‌లోని ఒక విమానాశ్రయంలో రెండు రాత్రులు కుర్చీల మీద గడిపాం. మమ్మల్ని ఆ దేశంలోకి రానివ్వలేదని మా పాస్‌పోర్టుల మీద ముద్ర పడింది. ఇంకొకరికి ఇలా జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ని. ఎక్కువ కాలం ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం రూట్లో తిరిగాను. టికెట్ అంటే ఏమిటో నాకు తెలుసని అనుకునేవాణ్ని.

మా బిడ్డ డల్లాస్‌లో ఉంటుంది. డిసెంబర్ మొదటి వారంలో కాన్పు అన్నారు. పురుడు పొయ్యడానికి తల్లి రావాలని ఆరు నెలల ముందు నుంచే ఫోన్లు. మా ఇద్దరికీ పదేళ్ల విజిటర్ వీసా అంతకు ముందే వచ్చింది. ఇక టికెట్లే. హనుమకొండలోనే ఒక ట్రావెల్స్‌కు పోయాను. ఆ దుకాణం పేరు రాయను. అట్లాంటి దుకాణాలు చాలా ఉన్నాయి, ఒక్కడి మీద కోపం తీర్చుకోవడానికి ఇది రాయడం లేదు. కౌంటర్ వెనక ఉన్న పిల్లగాడు మర్యాదస్తుడే. కంప్యూటర్లో అటూ ఇటూ చూసి, “కాకా, ఇట్ల పోతే మనిషికి 22 వేలు తక్కువ పడ్తది. రాత్రి ఒక్కటి యూరప్‌ల ఆగాలె. హోటల్ నేనే బుక్ చేస్తా, ఇద్దరూ ఆరాంగ పడుకోండ్రి, పొద్దుగాల లేచి ఫ్లైట్ ఎక్కుండ్రి” అన్నాడు. బయటికి పోవాలంటే వీసా అక్కర్లేదా అని నేను అడిగాను. అడిగినట్టు నాకు బాగా గుర్తుంది. “అమెరికా వీసా ఉన్నోళ్లకు ఎక్కడా అడ్డం లేదు కాకా, టెన్షన్ పడకుండ్రి” అన్నాడు. ఇద్దరికీ కలిపి 44 వేలు మిగులుతాయంటే పింఛను మీద బతికేవాడు ఏమంటాడు? సరేనన్నాను. హోటల్‌కు 6,800 వేరే కట్టాను.

శంషాబాద్‌లో తెల్లవారుజామున కౌంటర్ దగ్గర ఉన్న అమ్మాయి మా పాస్‌పోర్టులు చూసింది, అమెరికా వీసా చూసింది. గల్ఫ్‌లో మారే విమానానికీ, అక్కడి నుంచి యూరప్ పోయే విమానానికీ బోర్డింగ్ పాసులు ఇచ్చింది. మూడోది ఇవ్వలేదు. డల్లాస్‌ది ఏదమ్మా అంటే, “అది వేరే ఎయిర్‌లైన్ సార్, అక్కడ తీసుకోండి” అంది. సామాన్లు? “అవి కూడా అక్కడ తీసుకోవాలి సార్.” వెనక క్యూ చాలా ఉంది. ఆ ‘అక్కడ’ ఎక్కడో నేను అడగలేదు. అది ఇమిగ్రేషన్ కౌంటర్‌కు అవతల ఉందనీ, అక్కడికి పోయే హక్కు మాకు లేదనీ ఆమె చెప్పలేదు. పెట్టెకు కట్టిన చీటీ మీద మూడక్షరాలు పెద్దగా ఉంటాయి. సామాను ఏ ఊరి దాకా పోతుందో ఆ మూడక్షరాలే చెబుతాయి. మా పెట్టెల మీద డల్లాస్‌కు సంబంధించిన డీఎఫ్‌డబ్ల్యూ లేదు, మధ్యలో ఆగే ఊరి అక్షరాలున్నాయి. 31 ఏళ్లు ప్రతి స్టేజీలో టికెట్ నంబర్లు రాసుకున్న నేను ఆ చీటీ వైపు చూడనే లేదు.

యూరప్‌లో దిగేసరికి రాత్రి పదిన్నర. అందరూ పోతున్న వైపే మేమూ పోయాం. పెద్ద హాలు, అద్దాల గదుల్లో అధికారులు. మా ఇంటామె కొత్త చెప్పులు వేసుకుంది, కాళ్లు వాచి పట్టీలు లోపలికి దిగిపోయాయి. చలికాలం హనుమకొండలో టిబెట్ వాళ్లు అమ్మే స్వెటర్ ఒకటి చీర మీద వేసుకుని, హ్యాండ్‌బ్యాగ్ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మా వంతు వచ్చింది. నేను పాస్‌పోర్టులు, హోటల్ కాగితం, పొద్దున విమానం టికెట్ అన్నీ ఒకేసారి పెట్టాను.

ఆయన పాస్‌పోర్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిప్పాడు. మళ్లీ మొదటి నుంచి తిప్పాడు. షెంజెన్ వీసా ఏది అన్నాడు. నేను అమెరికా వీసా ఉన్న పేజీ తీసి వేలు పెట్టి చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి ఇంకొకాయన్ని పిలిచాడు. ఆ వచ్చినాయన మమ్మల్ని పక్కన ఉన్న చిన్న గదిలోకి తీసుకుపోయాడు. “ఏమాయె? మనల్నే ఎందుకు ఆపిన్రు? అందరూ పోతున్రు గదా” అని మా ఇంటామె అడిగింది. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత నెలల తరబడి చదివితే తెలిసింది. అది ఇక్కడ రాస్తాను, ఎందుకంటే మన దగ్గర చాలామందికి ఇదే తెలియదు.

షెంజెన్ అంటే లగ్జెంబర్గ్‌లో ఒక చిన్న ఊరు. యూరప్ దేశాలు కొన్ని తమ మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసే ఒప్పందం మీద 1985లో అక్కడ సంతకాలు పెట్టాయి కాబట్టి ఆ పేరు. ఇప్పుడు అందులో 29 దేశాలున్నాయి. వాటికి సంబంధించిన వీసా నియమాల్లో రెండు వేర్వేరు విషయాలున్నాయి. విమానం దిగి, విమానాశ్రయం లోపలే కూర్చుని, ఇంకో విమానం ఎక్కి ఆ దేశాల బయటికి పోవడం ఒకటి. ఇమిగ్రేషన్ దాటి ఊళ్లోకి రావడం ఇంకొకటి. లోపల కూర్చోవడానికి కూడా కొన్ని దేశాలవాళ్లకు ట్రాన్సిట్ వీసా కావాలంటారు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉంటే ఆ ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు. ఆ పిల్లగాడు విన్నది ఈ ముక్కే. అది లోపల కూర్చోవడానికే పనికొస్తుంది. గడప దాటడానికి పనికిరాదు. హోటల్ గడప అవతల ఉంది. మా పెట్టెలు తిరిగే బెల్టు గడప అవతల ఉంది. డల్లాస్ విమానం కౌంటర్ కూడా గడప అవతలే. రెండు టికెట్లు విడివిడిగా కొన్నందువల్ల మా ప్రయాణం మొత్తం ఆ గడప మీద ఆగిపోయింది. శంషాబాద్‌లో విమానం ఎక్కనిచ్చినవాళ్లకు అమెరికా వీసా కనబడింది, అది చాలనుకున్నారు. మేము బయటికి పోవాల్సి వస్తుందని ఎవరి లెక్కలోకీ రాలేదు.

గదిలో నాలుగు కుర్చీలు, ఒక బల్ల. మాకంటే ముందే ఒక నేపాలీ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. అధికారి ఫోన్లో దుబాసీని పెట్టాడు. తెలుగు దొరకలేదు, హిందీ దొరికింది. కాజీపేట రైల్వే వాళ్లతో, బస్సులో రకరకాల మనుషులతో మాట్లాడిన హిందీ కాబట్టి నాకు నడిచింది. ఎంత డబ్బు ఉంది, ఎక్కడికి పోతున్నారు, ఎందుకు పోతున్నారు, టికెట్ ఎవరు కొన్నారు. మా ఇంటామెను కూడా అడిగారు. బిడ్డ కాన్పుకు పోతున్నామని ఆమె చెప్పింది. దుబాసీ ఆమెను ‘అమ్మా’ అని పిలిచింది. అంత రాత్రిలో ఆ ఒక్క మాటకు మా ఇంటామె కళ్లు తుడుచుకుంది.

తర్వాత వేలిముద్రలు, ఫొటో తీసుకున్నారు. 2025 అక్టోబర్ 12 నుంచి ఆ దేశాల్లో బయటివాళ్ల రాకపోకలను వేలిముద్రలు, ముఖం ఫొటోతో కంప్యూటర్లో ఎక్కించే పద్ధతి మొదలైంది. రానివ్వకుండా ఆపినవాళ్ల వివరం కూడా అందులో చేరి మూడేళ్లు ఉంటుంది. ఆ తర్వాత ఒక కాగితం ఇచ్చారు. ఏ కారణంతో రానివ్వలేదో చెప్పే గళ్లు ఇంగ్లిష్ అక్షరాల వరుసలో ఉన్నాయి. మాది సీ గడి. అంటే చెల్లుబాటయ్యే వీసా లేదని. ఆయన ఆ గడిలో టిక్కు పెడుతుంటే చూశాను. నిదానంగా, గీత బయటికి పోకుండా పెట్టాడు. పాస్‌పోర్టు మీద లోపలికి వచ్చినట్టు ముద్ర కొట్టి, దాని మీద పెన్నుతో ఇంటూ గుర్తు వేసి, పక్కన అదే సీ అక్షరం రాశాడు. మేము టికెట్ బుక్కులతో పనిచేసిన రోజుల్లో పాడైన టికెట్ మీద ఇట్లాగే అడ్డంగా గీతలు కొట్టి దాచేవాళ్లం. పైకి అప్పీలు చేసుకునే హక్కు ఉందని ఆ కాగితం మీదే ఉంది. అర్ధరాత్రి, భాష తెలియని చోట, కాళ్లు వాచిన మనిషిని పక్కన పెట్టుకుని ఎవరికి అప్పీలు చేసుకోవాలి?

ఆ అధికారి తప్పు చేశాడని నేను అనను. టికెట్ లేని మనిషిని బస్సులో ఉంచుకుంటే చెకింగ్‌లో నా ఉద్యోగం పోయేది. ఆయన పని కూడా అట్లాంటిదే. ఆయన మమ్మల్ని గద్దించలేదు, కూర్చోమని నీళ్లు తెచ్చిచ్చాడు. తప్పు అంతకు ముందే, పన్నెండు వేల రూపాయల కుర్చీలో ఏసీ కింద కూర్చుని టికెట్ కొట్టిన దగ్గరే జరిగిపోయింది.

రానివ్వని మనిషిని తెచ్చిన విమానం వాళ్లే వెనక్కి తీసుకుపోవాలన్నది అంతర్జాతీయంగా ఉన్న పద్ధతి. అందుకని మమ్మల్ని పొద్దున విమానంలో గల్ఫ్ మీదుగా హైదరాబాద్ పంపిస్తామన్నారు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అల్లుడికి ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం. అతను ఆఫీసులో నుంచి బయటికి వచ్చి అధికారితో గంటసేపు మాట్లాడాడు. అమెరికా వీసా ఉంది, అక్కడికి పోవడానికి వాళ్లకు అడ్డం లేదు, టికెట్ ఉంది అని. చివరికి లోపలే ఉండి అమెరికా విమానం ఎక్కుతామంటే పోనిస్తామన్నారు. పొద్దున ఆ రెండో ఎయిర్‌లైన్ మనిషి కనబడేసరికి తొమ్మిదిన్నర. మీరు కౌంటర్‌లో చెకిన్ కాలేదు, సామాను ఇవ్వలేదు, టైం అయిపోయింది అన్నాడు. పదిన్నర విమానం మా కళ్ల ముందే గేటు మూసింది. ఆ టికెట్ డబ్బులు తిరిగి రావన్నారు. రెండు టికెట్లు వేరు కాబట్టి మొదటి ఎయిర్‌లైన్‌కు రెండోదానితో సంబంధం లేదు, రెండోదానికి మొదటిదానితో లేదు. ఒకే టికెట్ అయ్యుంటే మధ్యలో విమానం తప్పినా ఇంకో విమానం ఎక్కించే బాధ్యత వాళ్ల మీద ఉండేది.

అల్లుడు మరునాటికి మళ్లీ కొన్నాడు. ఇద్దరికీ లక్షా 92 వేలు. 44 వేలు మిగులుతాయని మొదలుపెట్టిన ప్రయాణం ఇది.

రెండో రాత్రి గురించి ఎక్కువ రాయను. మా ఇంటామె బీపీ గోళీలు పెట్టెలో ఉన్నాయి. పెట్టె బెల్టు మీదో, ఎక్కడి గోదాములోనో ఉంది. రెండు రోజులు గోళీ లేదు. నేను గంటకోసారి ఆమె చెయ్యి పట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాను. మందులు ఎప్పుడూ చేతిసంచిలోనే పెట్టుకోండి. ఈ ఒక్క ముక్క అచ్చు వేసినా చాలు అనిపిస్తుంది.

అదే పెట్టెలో కాయం ఉంది. మా వైపు బాలింతకు పెట్టే కాయం ఎట్లా చేస్తారో మీ పాఠకుల్లో పెద్దవాళ్లకు తెలుసు. శొంఠి, పిప్పళ్లు, వాము, బెల్లం, ఇంకా ఏవేవో. మా ఇంటామె వరంగల్ చౌరస్తా దగ్గర పాత దుకాణంలో దినుసులు ఏరి తెచ్చి, నాలుగు రోజులు ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టి చేసింది. వాసన బయటికి రాకుండా మూడు కవర్లు చుట్టింది. ఒక డబ్బా నిండా సకినాలు. మనవడు మేము పోయిన ఎనిమిదో రోజు పుట్టాడు. పెట్టె పదకొండో రోజు వచ్చింది, గొళ్లెం విరిగి. సకినాలు పిండి పిండి. కాయం కవరు చిరిగి బట్టల నిండా పడింది. ఆమె నేల మీద కూర్చుని చీర మడతల్లో నుంచి ఆ పొడిని చెంచాతో తీసి గిన్నెలో పోసింది. గుప్పెడు వచ్చింది. అదే పెట్టింది బిడ్డకు.

ఏప్రిల్‌లో తిరిగొచ్చాక ఆ ట్రావెల్స్‌కు పోయాను. నేను గొడవ పెట్టుకోలేదు. కాగితాలన్నీ బల్ల మీద పరిచాను. “కాకా, మీరు బ్యాగుల గురించి అడగలేదు గదా” అన్నాడు. హోటల్ 6,800 తిరిగి ఇచ్చాడు, దానికి థ్యాంక్స్. కానీ ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. అడగాలంటే ముందు తెలిసుండాలి కదా.

నేను డ్యూటీలో ఉన్నప్పుడు సాయంత్రం బస్సుకు మంగపేట పోయే ముసలమ్మ ఎక్కితే, టికెట్ కొట్టే ముందే చెప్పేవాణ్ని. “అమ్మా, ఈ బస్సు ఏటూరునాగారం దాకే. ఆడి నుంచి రాత్రి బస్సు లేదు. పొద్దుగాల దాకా బస్టాండ్ల పండుకోవాలె. సుట్టాలున్నరా?” ఆమె అడిగేది కాదు. ఎందుకు అడుగుతుంది, ఆమెకు టైం టేబుల్ తెలియదు, నాకు తెలుసు. నాకు తెలిసింది చెప్పకుండా టికెట్ చేతిలో పెడితే ఆ రాత్రి ఆమె బస్టాండ్‌లో దోమల మధ్య పడుకున్న పాపం నాది. ఈ సంగతి నాకు ఏ శిక్షణలోనూ ఎవరూ నేర్పలేదు. పాత కండక్టర్లను చూసి నేర్చుకున్నాం.

చట్టం కూడా ఈ మాటే అంటుందని మా పక్కింటి వకీలు సారు చూపించారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం అంటే ఏమిటో రాసిన చోట, వినియోగదారుడికి కావాల్సిన సమాచారాన్ని కావాలని చెప్పకుండా దాచడం కూడా లోపమేనని ఉంది. రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌కు పోవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు, నేను చేశాను. నా డబ్బు సంగతి నేను చూసుకుంటాను. నేను మీ పత్రిక ద్వారా అడిగేది వేరే.

మన జిల్లాల నుంచి పోయేవాళ్లు ఎవరు? పదో తరగతి పాస్ కానివాళ్లు పనికి పోవాలంటే 18 దేశాలకు ప్రభుత్వ అనుమతి కావాలి. 1983 నాటి వలస చట్టం ప్రకారం పనికి పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. అది మంచి చట్టం. కానీ టికెట్ మాత్రమే అమ్మే దుకాణం పనికి పంపే ఏజెంటు కింద రాదు. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ నుంచి పోయేవాళ్లు ఇప్పుడు గల్ఫ్‌కే కాదు, పోలండ్, రొమేనియా అంటున్నారు. చదువుకోవడానికి పోయే పిల్లలు ఊరూరా ఉన్నారు. వాళ్లను చూడటానికి మాలాంటి తల్లిదండ్రులు పోతున్నాం. మాకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. టికెట్ కాగితం మీద అంతా ఇంగ్లిషే, అందులోనూ సగం పొడి అక్షరాలు.

అందుకని టికెట్ అమ్మే ప్రతి దుకాణం, టికెట్‌తో పాటు తెలుగులో ఒక చీటీ ఇవ్వాలి. సంతకం పెట్టి, ముద్ర వేసి. అందులో నాలుగు సంగతులు చాలు. ఇది మొత్తం ఒకటే టికెట్టా, విడివిడిగా కొన్నవా. సామాన్లు చివరి ఊరి దాకా వాటంతట అవే పోతాయా, మధ్యలో మనం తీసుకోవాలా. మధ్యలో ఆగే ఊళ్లో ఇమిగ్రేషన్ దాటాల్సి వస్తుందా. దాటాల్సి వస్తే ఈ పాస్‌పోర్టుకు ఏ వీసా కావాలి. ఈ చీటీకి చట్టం మారాల్సిన పని కూడా లేదు, ఇవ్వాలన్న మనసుంటే రేపటి నుంచే ఇవ్వొచ్చు. జిల్లా వినియోగదారుల అధికారులు, ట్రావెల్స్ వాళ్ల సంఘాలు కూర్చుని మాట్లాడుకుంటే ఒక్క రోజు పని.

చీటీ వచ్చే దాకా ప్రయాణికుడు తనే చూసుకోవాల్సినవి కొన్ని చెబుతాను, పాత టికెట్ మనిషిని కాబట్టి. అందరూ పీఎన్‌ఆర్ చూడమంటారు. ఒకే టికెట్ మీద కూడా రెండు ఎయిర్‌లైన్లు రెండు పీఎన్‌ఆర్‌లు ఇవ్వొచ్చు, దాన్ని బట్టి చెప్పలేం. ఈ-టికెట్ నంబరు చూడండి. 13 అంకెలుంటాయి, మొదటి మూడు అంకెలు ఏ ఎయిర్‌లైన్ టికెట్టో చెబుతాయి. పోయే విమానాలన్నింటికీ అదే నంబరు ఉంటే ఒకే టికెట్. విమానాలు నాలుగుకు మించితే దాని వెంటనే వచ్చే వరుస నంబరు ఇంకోటి ఉంటుంది, మన టికెట్ బుక్కులో వరుస లాగే. మొదటి మూడంకెలు వేరే, వరుస తెగిపోయింది అంటే రెండు టికెట్లు అని అనుమానించి అడగండి. మా కాగితాలు ఇప్పుడు తీసి చూస్తే కనబడుతోంది. ఒకటి ఒక అంకెతో మొదలైంది, రెండోది ఇంకో అంకెతో.

ఒకే టికెట్ అయితే గండం గడిచినట్టే అనుకోవద్దు. షెంజెన్ దేశాల్లో రెండు ఊళ్ల మీదుగా పోతే, మొదటి ఊళ్లో దిగినప్పుడే ఇమిగ్రేషన్ దాటాలి, ఎందుకంటే ఆ రెండు ఊళ్ల మధ్య విమానం వాళ్లకు మనకు హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయినట్టే. దానికి అసలు షెంజెన్ వీసా కావాలి, అమెరికా వీసా సరిపోదు. ఆ వీసా మీద ఎన్నిసార్లు రావచ్చో కూడా రాసి ఉంటుంది. 01 అని ఉంటే ఒక్కసారే. ఒకసారి వాడేశాక తారీఖు మిగిలి ఉన్నా అది అయిపోయినట్టే. పని మీద పోయి సెలవుకు ఇంటికొచ్చే పిల్లలు ఇది తప్పక చూసుకోవాలి. ఇక అమెరికాలో అయితే లోపల కూర్చుని మారే పద్ధతే లేదు. మామూలుగా ఏ ఊళ్లో మొదట దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే సామాను. అమెరికా మీదుగా కెనడాకో, మెక్సికోకో పోయేవాళ్లకు కూడా అదే.

మాకు ఇప్పుడు ఇంకో చిక్కు ఉంది. అల్లుడి అన్న కెనడాలో ఉంటాడు, రమ్మంటున్నాడు. ఆ వీసా ఫారంలో, ఎప్పుడైనా ఏ దేశమైనా మిమ్మల్ని రానివ్వకుండా ఆపిందా అని అడుగుతారు. అవును అని రాయాలి. నా జీవితంలో ఒక్క చార్జి మెమో లేకుండా రిటైర్ అయ్యాను. ఇప్పుడు ఏ ఫారం నింపినా ఆ గడిలో ‘అవును’ అని రాసి, సీ అక్షరం ఉన్న కాగితం జత చేయాలి. కొంతమంది లేదు అని రాయమన్నారు. రాయను. అబద్ధం రాస్తే అది ఇంకా పెద్ద తప్పు అవుతుంది.

మొన్న ఆదివారం ములుగు వైపు నుంచి ఒక కుర్రాడు తండ్రితో పాటు మా ఇంటికి వచ్చాడు. తండ్రి ఒకప్పుడు నా బస్సులో రోజూ ఎక్కేవాడట, నా సంగతి ఎవరో చెప్పారట. కొడుకు మొదటిసారి విమానం ఎక్కుతున్నాడు, చదువుకోవడానికి. టికెట్ కాగితాలు చూపించాడు. నేను కళ్లద్దాలు పెట్టుకుని నంబర్లు చూశాను. రెండు వేర్వేరు నంబర్లు, మధ్యలో పదకొండు గంటలు, రాత్రి పూట. సామాను ఎవరు తీసుకుంటారని అడిగితే, “అక్కడ ఇస్తరన్నరు తాతా” అన్నాడు. ఇద్దరినీ వెంటబెట్టుకుని అదే సాయంత్రం వాళ్ల టికెట్ దుకాణానికి పోయాను. గంటన్నర కూర్చున్నాం. రద్దు కింద తొమ్మిది వేలు పోయాయి, ఒకే టికెట్ చేయించాం, సామాను చివరి ఊరి దాకా పోతుందని ఆ దుకాణం ఆయన చేత తెలుగులో రాయించి సంతకం పెట్టించాం.

ఆ చీటీ జిరాక్స్ కాపీని పేర్లు కొట్టేసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వీలైతే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టర్,
హనుమకొండ